దిష్టిబొమ్మకో సేఫ్టీ బెల్టు

మావారి నిమ్మపండు రంగు గళ్ల చొక్కాకి ఉత్తమ కార్మికుడి అవార్డు వచ్చింది. కరెంటాఫీసులో ఇంత సర్వీసు చేసినా మావారికి మాత్రం ఏ అవార్డూ రాలేదు. అదే చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్లిన రోజుల్లో కూడా రాలేదు. కాబట్టి గొప్పదనం చొక్కాది కాదనీ, లోపల కూరిన గడ్డిదనీ అనుకోవలసి వస్తోంది. ఈ మాట మావారి దగ్గర అనలేదు. మీతో అంటున్నాను, అంతే.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

విశాఖపట్నంలో మధురవాడ దాటాక మా వీధి. మా ఇంటికెదురుగా నిశ్చింత కన్‌స్ట్రక్షన్స్ వాళ్లు అపార్టుమెంటు కడుతున్నారు. అపార్టుమెంటు వాళ్లది, దుమ్ము మాది. పొద్దున తుడిచిన గుమ్మం మీద మధ్యాహ్నానికి వేలితో ముగ్గు గీయొచ్చు. ఆ దుమ్ముకి బదులుగా నాకు దక్కింది అసిరమ్మ స్నేహం. శ్రీకాకుళం అవతల ఏదో పల్లె నుంచి మొగుడితో పాటు పనికొచ్చింది. ఆవిడ సిమెంటు మాలు తట్టలో మోస్తుంది. మొగుడు పైడిరాజు బయటి గోడలకి ప్లాస్టింగు చేస్తాడు. సరుగుడు బాదులు కట్టి, వాటిమీద చెక్క పరిచి, ఆ చెక్కమీద నిలబడి, గోడని బుజ్జగిస్తున్నట్టు తాపీ ఆడిస్తూ ఉంటాడు. భద్రత కోసం నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుంటాడు. ఆ తువ్వాలు రెండో కొస దేనికీ కట్టి ఉండదు.

మంచినీళ్లకి మా గేటు దగ్గరికొచ్చినప్పుడు ఒక విషయం గమనించాను. అసిరమ్మ ఎంత బరువు మోస్తున్నా, ఎవరు పిలిచినా, తల పైకెత్తదు.

"మెడ నొప్పా?" అన్నాను ఒకరోజు.

"మెడ బాగానే ఉందమ్మా. పైకి సూస్తే ఆడు కనిపిస్తాడు. ఆడు కనిపిస్తే నా కాళ్లాడవు. అందుకే నాను నేల సూసుకోని తిరుగుతాను" అంది, బిందె ఎత్తుకుంటూ.

నాలుగో అంతస్తు లేచిన రోజున కంపెనీ చైర్మన్ గారు కారులో వచ్చి, దిగి, భవనం వైపు చూసి, మొదటి మాటగా "దిష్టిబొమ్మ ఏదయ్యా?" అన్నారట. మేస్త్రీ గవరయ్య బుర్ర గోక్కున్నాడు. "రేపటికల్లా పెట్టించు. ఇది నా ఆర్డరు" అని ఆయన కారెక్కారు. ఆ సాయంత్రమే అసిరమ్మ మా గేటు దగ్గర.

"అమ్మా, అయ్యగోరి పాత చొక్కా, పేంటూ ఉంటే ఇప్పించండి. దిస్టిబొమ్మ కట్టాలంట."

ఆ నిమ్మపండు రంగు చొక్కాని ఇంట్లోంచి సాగనంపడానికి పెళ్లయిన కొత్తలోంచీ ఎదురుచూస్తున్నాను. మడత పెట్టి మరీ ఇచ్చాను. గవరయ్య గడ్డి కూరాడు. తలకి కుండ బోర్లించి, సున్నంతో కళ్లు పెట్టారు. మీసం మాత్రం నా చేతిపని, నా కాటుకతో. కాస్త మావారి మీసంలా వచ్చింది. కావాలని కాదు, నా కంటికి బాగా అలవాటైన మీసం అదొక్కటే.

మర్నాడు మావారు బాల్కనీలో కాఫీ తాగుతూ చాలాసేపు ఎదురుగా చూశారు.

"ఏమోయ్, ఆ వేలాడుతున్నవాణ్ణి ఎక్కడో చూసినట్టుంది."

"కష్టపడేవాళ్ల మొహాలన్నీ ఒకేలా ఉంటాయి లెండి" అన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నిశ్చింత వారికి ప్రమాణం కావలసి వచ్చింది. ప్రమాణమంటే ఒట్టు కాదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలూ, వాటి వెనక రైలు నంబరులా అంకెలూ ఉండే భద్రతా ప్రమాణం. అది ఉంటేనే పెద్ద పెద్ద పనులు ఇస్తారట. దాన్ని తెచ్చిపెట్టడానికి చక్రధర్ అనే సేఫ్టీ మేనేజరు దిగాడు. మెడలో టై, టై మీద ఈల, చేతిలో పుస్తకం. వచ్చిన వారంలోనే సైటు చుట్టూ బోర్డులు మొలిచాయి. ‘భద్రతే మా ఊపిరి’ అని గేటు మీద. ‘ఎత్తులో పనికి బెల్టు తప్పనిసరి’ అన్న బోర్డుని మాత్రం అందరికీ కనబడాలని పై అంతస్తు కొసన పైడిరాజు చేత కట్టించారు. బెల్టు లేకుండా.

బెల్టులు రాలేదని కాదు. వచ్చాయి. ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో, ప్లాస్టిక్ కవరు చింపకుండా, వరసగా వేలాడదీశారు. అసిరమ్మ మాలు మోస్తూ కిటికీలోంచి చూసింది.

"అమ్మా, ఒక్క బెల్టు. ఆడు పై గోడకి ఎల్లీలోపు ఒక్కటి ఇప్పిస్తే సాలు" అంది నాతో. "మేస్త్రీ అడిగినాడు. ఆ టై బాబు ఏటో సెప్పినాడంట, ఈడికి అర్తం కాలేదంట. మీరు సదువుకున్నోరు, మీరొచ్చి ఇనండమ్మా."

బి.ఎ. ఎకనామిక్స్ చదివినందుకు ఇన్నాళ్లకి ఒక పని దొరికింది కదా అని వెళ్లాను. గేటు దగ్గరే హెల్మెట్ పెట్టారు. నా ముడి మీద అది కూర్చోక, లోపలికి వెళుతున్నంతసేపూ తల మీద ఇంకొకరి తల మోస్తున్నట్టుంది.

చక్రధర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఆ కుర్చీలో ఎలా కూర్చుంటే నడుముకి మంచిదో కూడా చెప్పాడు.

"మేడం, మా వ్యవస్థ యొక్క స్వరూపం మీరు గ్రహించాలి. పైడిరాజు గవరయ్య మనిషి. గవరయ్య సబ్ కాంట్రాక్టరు మనిషి. సబ్ కాంట్రాక్టరు మెయిన్ కాంట్రాక్టరు మనిషి. మా భద్రతా నిర్వహణ వ్యవస్థ కంపెనీ నేరుగా నియమించుకున్నవారికి మాత్రమే వర్తిస్తుంది. దీన్ని పరిధి అంటాం."

"పైనుంచి పడితే ఎవరి మనిషండీ?"

"పడితే ఆయన మా పరిధికి వెలుపల పడతారు."

"పడేది మీ ఇసక మీదే కదా?"

"భౌగోళికంగా అంతే మేడం. వ్యవస్థాపరంగా కాదు."

"మరి ఆ బెల్టులు ఎవరికి?"

"ఆడిట్‌కి."

"ఆడిటర్ గారు పైకెక్కుతారా?"

"ఎక్కరు మేడం. చూస్తారు."

అసిరమ్మ నా చెంగు పట్టుకుని లాగింది. "ఏటంటున్నాడమ్మా?"

"మీ ఆయన పడ్డా పడనట్టేనంటున్నారు" అని చెప్పాను.

"ఓలమ్మ! ఆడికది నేర్పితే నాక్కూడా నేర్పమనండి" అంది అసిరమ్మ. చక్రధర్ నవ్వలేదు. ఆ సౌకర్యం పరిధిలో లేదు కాబోలు.

ఆడిట్ రోజున నేను బాల్కనీలో చిక్కుడుకాయలు ముందేసుకు కూర్చున్నాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీసే పనిలో ఉన్న సుఖం ఏమిటంటే చెవులు ఖాళీగా ఉంటాయి. ఆడిటర్ శేషశాయి గారు హైదరాబాదు నుంచి వచ్చారు. కారు దిగి, పూలగుత్తి అందుకోకముందే తల పైకెత్తారు.

పై గోడ దగ్గర ఇద్దరు కనిపిస్తున్నారు. ఒకరు తాపీ ఆడిస్తున్న పైడిరాజు. రెండోది మావారి చొక్కా.

"ఆ పనిచేస్తున్న వ్యక్తికి బెల్టు లేదేం?"

"ఆయన సబ్ కింద సబ్ సార్. పరిధిలో లేరు."

"ఓహో. అయితే నాకు కనబడరు" అని శేషశాయి గారు చూపు పక్కకి జరిపారు. "ఆ రెండో వ్యక్తి?"

"సార్, అది... మా చైర్మన్ గారు పెట్టించారు."

"ఏ కాంట్రాక్టరు ద్వారా?"

"కాంట్రాక్టరు ఎవరూ లేరు సార్. స్వయంగా, నేరుగా..."

ఆ మాట నోట్లోంచి వచ్చాక చక్రధర్‌కి తానేం అన్నాడో అర్థమైంది. అప్పటికే ఆడిటర్ గారు ఫోటో తీసేశారు.

"నేరుగా నియమితుడు. అంటే పరిధిలోనివాడు. తలకి హెల్మెట్ లేదు. బెల్టు లేదు. బూట్లు లేవు, పాదాలున్న దాఖలా కూడా లేదు. తల ఒక పక్కకి వాలింది, తీవ్రమైన అలసట." ఆయన చప్పట్లు కొట్టారు. "ఏమయ్యా! నిన్నే!"

"ఏటి బాబూ?" అన్నాడు పైనుంచి పైడిరాజు.

"మిమ్మల్ని కాదు. ఆయన్ని. చూశారా, పిలిచినా పలకలేదు. సమాచార వ్యవస్థలో లోపం. ఇది పెద్ద తప్పిదం."

"సార్, అది మనిషి కాదు సార్, దిష్టిబొమ్మ" అన్నాడు చక్రధర్ దాదాపు ఏడుస్తూ.

"ఎత్తులో ఉన్న ప్రతి ఒక్కరూ అని ఉంది ప్రమాణంలో. మనిషే అయి ఉండాలని ఎక్కడుందో చూపించండి."

చక్రధర్ చేతిలో పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. లేదు. అంత పెద్ద పుస్తకం రాసినవాళ్లకి ఆ సందేహమే వచ్చి ఉండదు. దించేస్తే గొడవ వదులుతుందని చైర్మన్ గారికి ఫోన్ చేశాడు. ఆయన గొంతు మా బాల్కనీ దాకా వినిపించింది.

"బిల్డింగు పూర్తయ్యేలోగా దాన్ని దించావో, ముందు నిన్ను దించుతా!"

అలా ఆ అద్దాల బీరువాలో మొదటి కవరు చిరిగింది.

బెల్టు ఇవ్వాలంటే మనిషి కంపెనీ పుస్తకాల్లో ఉండాలి. ఉండాలంటే పేరు కావాలి. ఇంటిపేరు దిష్టి, పేరు బొమ్మయ్య అని గవరయ్య నామకరణం చేశాడు. ఫోటోతో గుర్తింపు కార్డు వచ్చింది. నా కాటుక మీసం అందులో చాలా స్పష్టంగా పడింది. ఒక్క పూటకని చైర్మన్ గారిని ఒప్పించి, బొమ్మయ్యని తాళ్లతో కిందికి దింపి, ప్రవేశ శిక్షణకి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక కంపెనీ డ్రైవరు, గుమాస్తా. చక్రధర్ పాఠం చెబుతున్నంతసేపూ డ్రైవరు ఆవలించాడు, గుమాస్తా టీకని లేచి మళ్లీ రాలేదు. బొమ్మయ్య కన్ను ఆర్పలేదు. శిక్షణ పూర్తిగా విన్నది ఆయనొక్కడే.

తరవాత వైద్య పరీక్ష. కంపెనీ డాక్టరు చెయ్యి పట్టుకోబోతే రెండు గడ్డి పోచలు ఊడివచ్చాయి. "పొగ తాగుతాడా?" అని అడిగాడాయన కార్డులోంచి తల ఎత్తకుండానే.

"నిప్పు తగిలితే అంటుకుంటాడు గానీ, తాగడు బాబూ" అన్నాడు గవరయ్య.

"మంచి అలవాటు" అని రాసుకున్నాడు డాక్టరు.

హెల్మెట్, మెరుపుల జాకెట్టు, ఇనప ముక్కు బూట్లు, వీపు నుంచి తొడల దాకా బిగించే బెల్టు, ఆ బెల్టుకి రెండు కొక్కేలు, కొక్కేలు తగిలించడానికి గోడలో దిగ్గొట్టిన ఇనప కమ్మీ. అన్నిటితో బొమ్మయ్య తిరిగి తన చోటికి చేరాడు. పక్కనే పైడిరాజు తువ్వాలు కట్టుకుని పని చేస్తున్నాడు. చెయ్యి జారినప్పుడల్లా బొమ్మయ్య కాలు పట్టుకుంటున్నాడని విన్నాను. ఆ సైటులో అంత గట్టిగా కట్టి ఉన్నది ఇంకేదీ లేదు మరి.

భద్రతా వారోత్సవాలు వచ్చాయి. బెల్టు విప్పనివాడు, హెల్మెట్ తీయనివాడు, మత్తు ముట్టనివాడు, పై అధికారికి ఎదురు చెప్పనివాడు ఎవరా అని ఉత్తమ కార్మికుడి అవార్డు కోసం వెతికితే ఒక్కడే తేలాడు. షామియానా వేసి, బొమ్మయ్యని వేదిక మీదకి ఎత్తుకొచ్చారు. ముఖ్య అతిథి శాలువా కప్పి, కరచాలనం చేసి, చేతికంటిన గడ్డి దులుపుకున్నారు.

"ఈ మహనీయుడి నిశ్చలత మనందరికీ ఆదర్శం" అన్నాడు చక్రధర్ మైకులో. "ఒక్క ప్రమాదం లేదు. ఒక్క ఫిర్యాదు లేదు. ఇలాంటివారితోనే మన సంస్థ నిండిపోవాలని ఆకాంక్షిస్తున్నాను."

మావారు ఆఫీసు నుంచి వస్తూ ఆగి, జనంలోంచి తొంగి చూసి, ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా నిలబడిపోయారు.

"ఏమోయ్, అది నా చొక్కా."

"అవునండి."

"మీసం కూడా..."

"కాఫీ కలపనా?" అన్నాను. అన్ని ప్రశ్నలకీ జవాబులుండవు. కాఫీ ఉంటుంది.

వారోత్సవాలయ్యాక అసిరమ్మ నీళ్లకొచ్చింది. బిందె పంపు కింద పెట్టలేదు.

"గడ్డికి బెల్టు, మడిసికి తువ్వాలు. ఇదేటమ్మా?" అంది. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, ఆ రోజు ఆడలేదు. "రేపట్నించి ఆడు పై కొసకి ఎల్తాడు. అక్కడ పట్టుకోడానికి బొమ్మ కాలు కూడా అందదు."

బిందె నేనే పట్టి ఇచ్చాను. మర్నాడు కొబ్బరి తాడు ఒకటి ఇచ్చాను, కట్టుకోమని. మేడం ఇచ్చిన తాడుకి పరీక్షా పత్రం లేదని చక్రధర్ దాన్ని స్వాధీనం చేసుకున్నాడు.

పై కొసన పని మొదలవలేదు. వాయుగుండం వచ్చింది. గాలీ వానా కలిసి రెండు పూటలు వీధిని ఊపేశాయి. తెరిపిచ్చాక బాల్కనీలోకి వచ్చి చూశాను. ఎక్కడిదో తాటి మట్ట ఎగిరివచ్చి తగిలినట్టుంది, బొమ్మయ్య కుండ పగిలిపోయింది. హెల్మెట్ మాత్రం చెక్కుచెదరలేదు, లోపల తలే లేదు. బెల్టు దాని పని అది చేసింది, చొక్కాని ఎక్కడికీ పోనివ్వలేదు. గడ్డి నాని, జారి, కిందపడితే ఎవరిదో ఆవు సగం తినేసింది.

ఆ మధ్యాహ్నం చక్రధర్ టై లేకుండా మా గేటు దగ్గరికి వచ్చాడు. టై లేని చక్రధర్‌ని పోల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

"మేడం, ఆ చొక్కా మూలం మీరేనని తెలిసింది. రేపు ఆడిటర్ గారి రెండో విడత. ఉత్తమ కార్మికుడికి తల పోయిందని తెలిస్తే అది ప్రాణాంతక ప్రమాదం కింద వస్తుంది. ప్రమాణం పోతుంది. నా ఉద్యోగం కూడా."

"ఇంకో బొమ్మ కట్టుకోండి."

"కొత్త బొమ్మంటే కొత్త మనిషి. మళ్లీ కార్డు, శిక్షణ, వైద్యం. రేపటికి కాదు. ఆ చొక్కా, ఆ మీసం ఉంటే పాతవాడే అని నడిచిపోతుంది. కానీ ఊరంతా వెతికినా పొడి గడ్డి దొరకలేదు." అతను గొంతు తగ్గించాడు. "ఇంకో చిక్కుంది. పిలిస్తే పలకలేదని రాశారు కదా. శిక్షణ ద్వారా పలికేలా చేస్తామని జవాబు రాసి సంతకం పెట్టాను. రేపు పిలుస్తారు."

అతను చేత్తో పట్టుకొచ్చిన చొక్కా తీసుకుని చూశాను. ఉతికితే పనికొస్తుంది. దాని ఆయుర్దాయం నాకు తెలుసు.

"చొక్కా ఉతికి ఇస్తాను, మీసం దిద్దుతాను. కానీ లోపల గడ్డి పెడితే ఈసారీ పలకదు చక్రధర్ గారూ. పలికే సరుకేదైనా పెట్టండి."

"అంటే?"

"కొలత సరిపోయే మనిషి మీ సైటులోనే ఉన్నాడు. మీకు కనబడడు గానీ, నాకు బాల్కనీలోంచి కనబడతాడు."

చక్రధర్ పుస్తకం తెరిచాడు. దిష్టిబొమ్మలో ప్రాణం ఉండరాదని ఎక్కడా లేదు.

సాయంత్రం చక్రధర్ వెంటబెట్టుకొచ్చిన పైడిరాజుని మా వరండాలో పీట మీద కూర్చోబెట్టి కాటుక డబ్బా తీశాను. అసిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"కదలకయ్యా, మీసం వంకర పోతుంది."

"గిలిగిలిగా ఉందమ్మా" అన్నాడు పైడిరాజు. అంతలోనే సందేహం. "బొమ్మనైపోతే పని సెయ్యకూడదా బాబూ? ఊరికే ఏలాడమంటే నావల్ల కాదు. సేతులు ఊరుకోవు."

చక్రధర్ బొమ్మయ్య విధులు చదివాడు. "‘ఎత్తులో ఉండి ప్రజల దృష్టిని భవనం నుండి తన వైపునకు మళ్లించవలెను.’ చేతులు ఖాళీగా ఉంచవలెనని లేదు. చేసుకో."

మర్నాడు పైడిరాజు హెల్మెట్, బూట్లు, బెల్టు, నిమ్మపండు రంగు చొక్కాతో పై కొసకి వెళ్లాడు. గవరయ్య దగ్గరుండి కొక్కేలు అక్కడ కొత్తగా దిగ్గొట్టిన ఇనప కమ్మీకి తగిలించాడు. నేను చిక్కుడుకాయలు ముందేసుకున్నాను గానీ, ఆ రోజు ఒక్క ఈనె తీయలేదు. కింద అసిరమ్మ నేల చూసుకుంటూ తట్ట మోస్తోంది.

శేషశాయి గారు దిగారు. తల ఎత్తారు. తృప్తిగా తల పంకించి, చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు.

అప్పుడే చెక్క జారింది. వానకి నాని ఉందో, బాదు కట్టు వదులైందో. పైడిరాజు కాళ్ల కింది చెక్క ఒక్కసారిగా లేచి, తిరగబడి, కిందికొచ్చింది. తాపీ వచ్చి ఇసకలో గుచ్చుకుంది. నిమ్మపండు రంగు చొక్కా కొసనుంచి కిందికి జారి, బెల్టు బిగుసుకుని, గాల్లో ఆగిపోయింది.

"అసిరీ!"

తట్ట కిందపడిన చప్పుడు. అసిరమ్మ మొదటిసారి తల పైకెత్తింది.

ఆ వీధిలో అందరూ పైకే చూస్తున్నారు. శేషశాయి గారు ఒక్కరే రాసుకుంటూ ఉన్నారు.

"అద్భుతం. పిలవకముందే పలికాడు. లోపం సంపూర్ణంగా సరిదిద్దబడింది." మళ్లీ పైకి చూశారు. "బొమ్మయ్య గారు యథాస్థానంలో వేలాడుతున్నారు. బెల్టు సక్రమంగా వినియోగంలో ఉంది."

గవరయ్య కిటికీలోంచి సగం బయటికి వాలి, బెల్టు పట్టుకుని లోపలికి లాగాడు. కాసేపటికి పైడిరాజు మెట్లు దిగి వచ్చాడు. మోచెయ్యి గీరుకుంది, మీసం చెంప దాకా పాకింది. అసిరమ్మ అరవలేదు, ఏడవలేదు. దగ్గరికెళ్లి, చెంప మీది కాటుక కొంగుతో తుడిచి, బెల్టు బిగువు ఒకసారి లాగి చూసింది. అతను విప్పబోతే చెయ్యి పట్టుకుంది.

"ఇప్పకు."

ఆ పూట పైడిరాజు బెల్టుతోనే అన్నం తిన్నాడు.

చక్రధర్ ఏం రాయాలో తెలియక నన్నే అడిగాడు. "పడ్డాడని రాస్తే ప్రమాదం అవుతుంది మేడం."

"పడలేదుగా. వేలాడవలసినవాడు వేలాడాడు" అన్నాను. అలాగే రాశాడు. ప్రమాదం లేని సైటు ప్రమాదం లేకుండానే ఉండిపోయింది. ప్రమాణం వచ్చింది. టై కూడా తిరిగి వచ్చింది.

అంతటితో పోయేది. కానీ వెళ్లబోయే ముందు శేషశాయి గారు ఒక సిఫార్సు చేశారు. ఎత్తులో కర్తవ్యనిష్ఠకి నిదర్శనంగా నిలిచిన ఈ ఉత్తమ విధానాన్ని భవనానికి ఒక్క పక్కనే పరిమితం చేయడం లోపమనీ, ఎత్తులో పని జరిగే ప్రతి చోటా ఒక దిష్టిబొమ్మ కంపెనీ తరఫున నేరుగా ఉండి తీరాలనీ. ఆయన మాట అంటే ప్రమాణం మాట. చైర్మన్ గారు ఇన్ని దిష్టిబొమ్మలుంటే తన భవనానికి ఇక తిరుగు లేదని పొంగిపోయి, వెంటనే సరే అన్నారు. పిలిస్తే పలకాలి కాబట్టి గడ్డి బదులు మళ్లీ మనుషులనే వేసుకోవాలని తేల్చాడు చక్రధర్. బీరువాలో మిగిలిన కవర్లన్నీ చిరగడానికి సిద్ధమయ్యాయి.

మర్నాడు తలుపు తీస్తే గేటు ముందు వరస. తాపీవాళ్లు, కమ్మీ కట్టేవాళ్లు, రంగులవాళ్లు, బాదులు కట్టేవాళ్లు.

"అమ్మగోరూ, పాత చొక్కా ఉంటే ఇప్పించండి. నన్ను బొమ్మగా ఏసుకున్నారు."

"నాక్కూడా అమ్మా. మీసం కాస్త దళసరిగా ఎట్టండి, మాయావిడ సూస్తాది."

మావారి బీరువా తెరిచాను. నీలి గళ్లది, చాక్లెట్ రంగుది, ఆడపడుచు పెళ్లికి కుట్టించింది, కాలరు అరిగింది, అరగంది. అన్నీ వెళ్లిపోయాయి. కాటుక అడుగంటింది. స్నానాల గదిలోంచి "ఏమోయ్, నా చొక్కాలొక్కటీ కనబడవేం?" అని కేక వినిపించింది.

"బాల్కనీలోకెళ్లి చూడండి, కాసేపట్లో అన్నీ కనబడతాయి" అన్నాను.

వరస అయిపోయింది. ఆఖర్న అసిరమ్మ నిలబడి ఉంది. తలమీద ఖాళీ తట్ట, ఆ తట్టతోనే రోజంతా పిట్టగోడ లేని మెట్లెక్కి పై అంతస్తుకి మాలు చేరవేస్తుంది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి భుజం చాటున ఒకరు.

"నీకేం కావాలి అసిరమ్మా?"

కాలి బొటనవేలితో నేల రాసింది. తరవాత తల ఎత్తింది. ఇప్పుడు అది ఆవిడకి కొత్త కాదు.

"దిస్టిబొమ్మల్లో ఆడోళ్లుండరేటమ్మా?"

నేను ఆలోచించాను. ఇన్నేళ్లలో ఏ భవనం మీదా చీర కట్టిన దిష్టిబొమ్మని చూసిన గుర్తు లేదు. అన్నిటికీ మీసాలే. కానీ మీసం తప్పనిసరి అని ప్రమాణంలో మాత్రం ఎక్కడా లేదు.

"ఉండు" అని లోపలికెళ్లి, ఈసారి నా బీరువా తెరిచాను. చీరలు తీసి, కాటుక డబ్బా అక్కడే వదిలేసి, కుంకుమ భరిణె పట్టుకుని వరండాలోకి వచ్చాను.